దొంతర: మూడో మార్పు దగ్గర ఆగింది

సోమవారం మధ్యాహ్నం రక్తనిధి నుంచి ఫోను వచ్చిన దగ్గర మన కథ ఆగింది.

ఫ్రిజ్‌లోంచి తీసిన రక్తపు సంచి అరగంట దాటి బయట ఉంటే దాన్ని మళ్లీ లోపల పెట్టకూడదు. పెట్టబోయినవాళ్లకి తెర మీద ఎర్రగా హెచ్చరిక రావాలి. ఆ పొద్దునే అక్కడ నడక మొదలుపెట్టిన కొత్త ప్రోగ్రాంలో ఆ హెచ్చరిక రాలేదు. అక్కడి టెక్నీషియను తెర కంటే గోడ గడియారాన్ని ఎక్కువ నమ్మే మనిషి కాబట్టి సంచిని పక్కన పెట్టేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ శుక్రవారం పరీక్షలో నిక్షేపంగా కనిపించిన హెచ్చరిక సోమవారానికి ఎక్కడికి పోయినట్టు? ఆ ప్రోగ్రాం రాసిన ఆఫీసులో ముప్పై ఎనిమిది మంది ప్రోగ్రామర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూండగా వాళ్ల పై అధికారి చీఫ్ ఒక్క ముక్కలో తేల్చేశాడు. "దొంతర మింగేసింది."

ఆ సాయంత్రమే దొంతర అనే పనిముట్టు వాడకం ఆపేశారు. దాన్ని కట్టిన టైపక్కకి, అసలు ప్రోగ్రాం ఉండే సర్వర్ తలుపులు మూసేశారు. బుధవారం పదకొండింటికి అందరి ముందూ సమాధానం చెప్పుకోవాలన్నారు.

ఆ బుధవారం తెల్లారింది.

పొద్దున ఏడున్నరకి టైపక్క వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాఫీ కప్పు వైపు చూస్తోంది. భర్త పగటి డ్యూటీకి వెళ్లిపోయాడు. ఇంట్లో మిగిలింది ఆమె, అత్తగారు.

"తాగుతావా, పారబొయ్యనా?" అంది అత్తగారు.

"తాగుతానత్తయ్యా."

"ఆ మాట అని పావుగంటైంది."

టైపక్క ఒక్క గుక్కలో తాగేసి కప్పు కింద పెట్టింది. చల్లారిపోయిన కాఫీ గొంతులో చేదుగా దిగింది. అత్తగారు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసిన మనిషి. ఇప్పటికీ ఎవరైనా మాట్లాడుతూంటే ఎడమ చెవి కాస్త ముందుకు వంచి వింటుంది.

"ఏం చెప్తావు అక్కడ?"

"జరిగింది చెప్తాను. దొంతర రోజూ సాయంత్రం తన డైరీ నకలు నాకు పంపుతుంది కదా. శుక్రవారం డైరీ మొత్తం చదివాను. మూడూ యాభై ఎనిమిదికి చీఫ్ సార్ తన గదిలోంచే దాన్ని నడిపారు. నాలుగు మార్పులు పైకెత్తాలి. మూడోదాని దగ్గర అది ఆగి ప్రశ్న అడిగింది. సార్ జవాబు చెప్పకుండా రద్దు నొక్కారు. అది ఎక్కడివక్కడ సర్దేసి తప్పుకుంది. ఆ తర్వాత ఏం జరిగినా చేత్తో జరిగిందే."

"అయితే మీ సారు దొరికిపోయాడన్నమాట."

"దొరికిపోయారు."

ఆ మాట అంటున్నప్పుడు సంతోషంగా ఉంటుందనుకుంది. లేదు. పంతొమ్మిదేళ్ల కిందట, పాత రక్తనిధి రిజిస్టర్లని కంప్యూటర్లోకి ఎక్కించడానికి టైపిస్టుగా చేరిందామె. ఆ పేరే అక్క తగిలించుకుని టైపక్క అయ్యి ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. ఓ రోజు ఎవరో వదిలేసిన ప్రోగ్రాం కాగితాల్లో తప్పు పట్టుకుని పెన్సిలుతో సున్నా చుడితే, ఆ కాగితం చీఫ్ కంట్లో పడింది. మర్నాటి నుంచి ఏడాదిన్నర పాటు మధ్యాహ్నం భోజనాల గంటలో ఆయన తన గదిలో కూర్చోబెట్టి ఆమెకి ప్రోగ్రాం రాయడం నేర్పాడు. ఒక్కనాడు విసుక్కోలేదు.

"ఒక మాట అడుగుతాను, ఏమనుకోకు," అంది అత్తగారు. "ఆ దొంతరని కట్టేటప్పుడు మీ సారుని అడిగావా?"

"ఏమని?"

"ఏమని అయినా. ఇదిగో ఇలా కడుతున్నాను, మీరెలా చేసేవాళ్లు అని."

టైపక్క ఖాళీ కప్పుని పక్కకి జరిపింది.

"మాకు ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చినప్పుడు పన్నెండు మందిని లేపి వేరే గదిలో కూర్చోబెట్టారు. నాకు ఆ యంత్రం మీద కోపం రాలేదమ్మా. చక్కగా పనిచేసేది. దాన్ని బిగించడానికొచ్చినవాళ్లు మూడు నెలలు మా పక్కనే తిరిగారు. ఏ లైను ఎప్పుడు మొరాయిస్తుంది, ఏ ఆసుపత్రికి ముందు కలపాలి, ఇవన్నీ మా వేళ్ల కొసన ఉండేవి. ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. ఆ మంట ఇప్పటికీ ఉంది నాకు."

"అందుకని సార్ చేసింది ఒప్పంటారా?"

"ఛ, ఒప్పని ఎవరన్నారు. నీ పని మీద మచ్చ పడనివ్వకు. గట్టిగా నిలబడు. కాకపోతే అడగాల్సినచోట అడగలేదు కదా, ఆ ముక్క ముందు చెప్పి, తర్వాత నిలబడు. అప్పుడు కాళ్లు వణకవు."

టైపక్క డైరీ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. పదకొండు దాకా ఆగకుండా తొమ్మిదిన్నరకే ఆఫీసులో ఉండాలని అప్పుడే అనుకుంది.

*

ఇంతకీ ఈ దొంతర ఏమిటో కొత్తగా చదువుతున్నవాళ్లకి రెండు మాటల్లో చెప్పాలి.

ముప్పై ఎనిమిది మంది కలిసి ఒకే పుస్తకం రాస్తున్నారనుకోండి. అసలు పుస్తకం ఒకటే, అది మూలప్రతి. ఎవరికి వాళ్లు నకలు తీసుకుని అందులో తమ మార్పు రాసుకుంటారు. ఆ నకలునే వాళ్లు బ్రాంచి అంటారు. మీరు మీ మార్పు ముగించేలోపు మూలప్రతి నాలుగు పేజీలు ముందుకి నడిచిపోతుంది. అప్పుడు మీ మార్పుని పాత పునాది మీద నుంచి ఎత్తి కొత్తదాని మీద కూర్చోబెట్టాలి. రీబేస్ అంటే అదే. ఒక్క మార్పయితే ఫరవాలేదు. ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ మార్పులు నాలుగో అయిదో పేర్చి ఉంటే, అడుగున ఒకటి కదిలినప్పుడల్లా పైవాటిని ఒక్కొక్కటే ఎత్తి ఒక్కొక్కటే పెట్టాలి. చేత్తో చేస్తే చీఫ్‌కి తప్ప అందరికీ పూట గడిచిపోయేది. మధ్యలో ఏ వరుస జారిపోయినా ఆ పూట తెలిసేది కాదు.

టైపక్క ఎనిమిది నెలలు కూర్చుని ఆ ఎత్తడం, పెట్టడం తనంతట తాను చేసే పనిముట్టు కట్టింది. అంచెలంచెలుగా పేర్చినవాటిని ఎత్తేది కాబట్టి దొంతర అని పేరు పెట్టింది. పూట పట్టే పని నాలుగు నిమిషాల్లో అయిపోయేది. నెల తిరిగేసరికి ఆఫీసంతా అది లేకపోతే చెయ్యి ఆడని స్థితికి వచ్చింది. చీఫ్ ఒక్కడే దాన్ని ముట్టుకోలేదు. పోయిన శుక్రవారమే మొదటిసారి ముట్టుకున్నాడు.

*

చీఫ్ గది మూడో అంతస్తు చివర. తలుపు సగం తెరిచి ఉంది. గోడకి ఎత్తుగా పేర్చిన పాత ప్రోగ్రాం కాగితాలు, బల్ల మీద అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు. ఏ అక్షరం ఎక్కడుందో చూడాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడో పోయింది.

"రావచ్చా సార్?"

"పదకొండింటికి కదా అందర్నీ రమ్మంది."

"మీటింగుకి రాలేదు సార్. మీ దగ్గరికొచ్చాను."

ఆయన కుర్చీ చూపించలేదు. ఆమె నిలబడే సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాని వైపు చూడలేదు.

"నీ పనిముట్టు తన గురించి తాను రాసుకున్నది నీకు సాక్ష్యమా?"

"ఇది అక్కడ చూపించడానికి కాదు సార్. మీకు చూపించడానికే తెచ్చాను. అక్కడ దీన్ని తెరవను."

"ఎందుకని?"

"మీరే చెప్తారని."

చీఫ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "చూడమ్మాయ్. ఇరవై ఆరేళ్లుగా ఈ పని చేత్తో చేస్తున్నాను. ఎత్తినవి ఎత్తినట్టే దించాను. ఒక్క వరుస పోయిందని నాకెవరూ వేలెత్తి చూపించలేదు. నువ్వు కట్టింది వచ్చి రెండు నెలలు కాలేదు, హెచ్చరిక పోయింది. లోకం దేన్ని అనుమానిస్తుంది?"

"దొంతరని. అందుకే నేను రోషపడట్లేదు సార్. ముందు ఇంకో సంగతి చెప్పుకోవాలి మీతో."

ఆయన ఈసారి తలెత్తాడు.

"ఎనిమిది నెలలు కట్టాను. ఒక్కరోజు ఈ గది గడప తొక్కలేదు. మీరు ఇన్నేళ్లు చేత్తో ఎలా చేశారు, ఎక్కడ చెయ్యి తడబడుతుంది, ఎక్కడ ఆగి చూస్తారు, ఒక్క ప్రశ్న అడగలేదు. అంతా అయ్యాక అందరితోపాటు మీకూ చూపించాను, బయటివాళ్లకి చూపించినట్టు. అది తప్పు. దానికి క్షమించమని అడుగుతున్నాను."

చీఫ్ కీబోర్డుని పక్కకి నెట్టాడు.

"ఎందుకు రాలేదు?" అన్నాడాయన. గొంతు తగ్గింది.

"వద్దంటారని భయపడ్డాననుకున్నాను ఇన్నాళ్లూ. కాదు సార్. మీ చెయ్యి పడకుండా చేశానని అనిపించుకోవాలనుకున్నాను. టైపిస్టుని కదా, ఆ ఒక్కటైనా నాదని చెప్పుకోవాలనిపించింది."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కింద వీధిలో ఎవరో లారీలోంచి అట్టపెట్టెలు దింపుతున్నారు. చాలాసేపు వాటినే చూశాడు.

"సరే. నువ్వు ఒక మెట్టు దిగావు, నేనూ ఒక మెట్టు దిగుతాను," అన్నాడు చివరికి. "ఇవాళ చిన్న పొరపాటు జరిగిందని ఒప్పేసుకో. ఎవరూ నిన్నేమీ అనకుండా నేను చూసుకుంటాను. మూడు నెలలు దాన్ని పక్కన పెడదాం. తర్వాత నేనే దగ్గరుండి తీసుకొస్తాను. పేరు నీదే ఉంటుంది. నువ్వే పెద్దగా ఉంటావు దానికి."

మంచి బేరమే. ఏడాది కిందట అయితే ఆమె తల ఊపేసేదేమో. కానీ క్షమాపణ చెప్పేశాక ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టుంది. అత్తగారన్నట్టు కాళ్లు వణకడం లేదు.

"చెయ్యని తప్పు ఒప్పుకోలేను సార్. అడగనందుకు క్షమించమన్నాను, అది నాది. హెచ్చరిక పోవడం నాది కాదు. దానికి మాత్రం అడగను."

"నా మాట మీద కూడానా?"

"మీ మాట మీదే సార్. నేను ఈ గదిలో కూర్చున్న మొదటి వారం మీరొక సంగతి చెప్పారు. మీకు గుర్తుందో లేదో. రిజిస్టరులో ఒక అంకె చెరిగిపోయి ఉంటే అది ఏడయ్యుంటుందని నేను టైపు చేసేశాను. మీరు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇది ఒకళ్ల ఒంట్లోకి వెళ్లే రక్తం, తెలియనిచోట ఊహించకు, ఆగి అడుగు అన్నారు. దొంతరలో నేను మొట్టమొదట రాసింది అదే. ఆ కాగితం ఒక్కసారి చూడండి."

చీఫ్ కళ్లజోడు పెట్టుకున్నాడు. కాగితం దగ్గరికి లాక్కున్నాడు. శుక్రవారం మూడూ యాభై తొమ్మిదికి తన తెర మీద కనిపించి, తాను సగం కూడా చదవకుండా కొట్టిపారేసిన ప్రశ్న అక్కడ ఉంది. మెల్లగా, పైకే చదివాడు.

"'సంచి తిరిగి పెట్టే ఈ పేజీని మూలప్రతిలో మీరు మార్చారు. ఈ మూడో మార్పు కూడా అవే వరుసల్ని మార్చింది. రెండూ ఉంచాలా, ఒకటే ఉంచాలా? నాకు తెలియదు. మీరు చెప్పండి.'"

మళ్లీ ఒకసారి చూశాడు.

"'నాకు తెలియదు' అని రాశావు."

"అవును సార్."

"యంత్రం చేత ఆ మాట అనిపించినవాళ్లని నేను చూడలేదు."

అది మెచ్చుకోలో, దెప్పుడో ఆమెకి అర్థం కాలేదు. ఆయన కాగితాన్ని మడతపెట్టి తిరిగి ఆమె చేతికిచ్చాడు.

"వెళ్లు. పదకొండింటికి చూద్దాం," అన్నాడు.

*

మీటింగు హాల్లో కుర్చీలు చాలక పదిమంది గోడకి ఆనుకుని నిలబడ్డారు. బల్ల మొదట్లో డైరెక్టరు, ఆమె కుడిపక్క చీఫ్. ఎడమపక్క రక్తనిధి టెక్నీషియను, తెల్లకోటు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ నాలుగు మార్పులూ రాసిన కళ్లద్దాలాయన గోడమీది పెద్ద తెరకి తీగ తగిలిస్తున్నాడు. ఆయన అద్దాలు సీసా అడుగంత మందం. ఎప్పుడూ జారుతూ ఉంటాయి, ఎప్పుడూ తోసుకుంటూ ఉంటాడు.

"టైపక్కా, చెప్పు," అంది డైరెక్టరు. "నీ దగ్గర డైరీ ఉందట. కానీ నువ్వు కట్టినదాని మాట మీద మమ్మల్ని ఎలా నమ్మమంటావు?"

"నమ్మొద్దండి. చూడండి చాలు."

"ఏం చూడాలి?"

"శుక్రవారం మూడున్నరకి మూలప్రతి ఎలా ఉందో అలా వేరే చోట నకలు పెట్టించండి. అవే నాలుగు మార్పులు, అదే దొంతర. నేను కీబోర్డు ముట్టుకోను. ఈయన్నే నడపమనండి. మార్పు పోగొట్టుకున్న మనిషి ఆయన. నా పక్షం వహించాల్సిన అవసరం ఆయనకి లేదు."

డైరెక్టరు చీఫ్ వైపు చూసింది. ఆయన తల ఊపాడు.

నకలు తయారవడానికి పది నిమిషాలు పట్టింది. ఈలోగా టెక్నీషియను నెమ్మదిగా చెయ్యెత్తింది. "నాకు మీ భాష రాదండి. ఏం జరగబోతోందో మామూలు మాటల్లో చెప్తే నేనూ చూస్తాను. ఆ సంచి పట్టుకున్నది నేనే కదా."

టైపక్క ఆమె వైపు తిరిగింది. మిగతావాళ్లందరినీ మర్చిపోయి ఆమెకే చెప్పడం మొదలుపెట్టింది.

"ఈయన నాలుగు పనులు చేశారండీ. ఒకటి, ఫ్రిజ్ చల్లదనం రాసిపెట్టడం. రెండు, సంచి బయటికి రాగానే గడియారం మొదలవడం. మూడు, అరగంట దాటితే హెచ్చరిక. నాలుగు, ఆ హెచ్చరిక మీ తెర మీద ఎర్రగా కనిపించడం. ఒకటి లేకపోతే దాని పైది నిలవదు. ఈ నాలుగింటినీ పాత పునాది మీద నుంచి కొత్తదాని మీదకి మార్చాలి. దొంతర చేసే పని అదే."

"మూడోది పడిపోయింది, అంతేనా?"

"అంతేనండి. ఎవరి చేతిలోంచి పడిందో తెలియాలి."

కళ్లద్దాలాయన మీట నొక్కాడు. మొదటి మార్పు ఎత్తింది, పెట్టింది. తెర మీద పచ్చ గుర్తు పడింది. రెండోది ఎత్తింది, పెట్టింది. ఇంకో పచ్చ గుర్తు. మూడోది ఎత్తింది. ఆగింది.

తెర మీద ప్రశ్న వచ్చింది. అందరికంటే ముందు టెక్నీషియనే పైకి చదివింది, అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నట్టు. చివర్లో ఆగి, "నాకు తెలియదు, మీరు చెప్పండి అంటోంది," అంది. "అడుగుతోంది కదండీ ఇది. మింగేసిందన్నారు."

"రెండూ ఉంచమనండి," అంది టైపక్క.

కళ్లద్దాలాయన అలాగే చెప్పాడు. మూడోది కూర్చుంది, దాని మీద నాలుగోది కూర్చుంది. పరీక్ష నడిపితే తెర నిండా ఎర్రగా హెచ్చరిక వెలిగింది.

వెనక గోడ దగ్గర నుంచి ఎవరో, "తప్పు జవాబు చెప్తే?" అన్నారు.

"అదీ చేసి చూడండి."

మళ్లీ మొదటి నుంచి నడిపారు. ఈసారి కళ్లద్దాలాయన మూలప్రతిలోదే ఉంచమన్నాడు. దొంతర వెంటనే వినలేదు. 'అలా చేస్తే హెచ్చరికకి సంబంధించిన పదకొండు వరుసలు పోతాయి. తెలిసే అంటున్నారా?' అని ఇంకోసారి అడిగింది. వెనక ఎవరో చిన్నగా నవ్వారు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. రెండు రోజులుగా టైపక్క మొహం చూడకుండా తప్పించుకు తిరిగినవాళ్లు ఇప్పుడు తలలు చాచి తెర చూస్తున్నారు. ఆమె వీపు నిటారుగా పెట్టుకుని నిలబడింది. ఎనిమిది నెలల పాటు ఒక్కో వరుసా తన చేత్తో రాసుకున్నది, తను ముట్టుకోకుండానే, తన తరఫున మాట్లాడుతోంది. లోపల ఎక్కడో గర్వం పొంగుతోంది. దాన్ని దాచాలని ఆమెకి అనిపించలేదు.

"అయితే శుక్రవారం ఈ ప్రశ్న ఎవర్ని అడిగింది?" అంది డైరెక్టరు.

టైపక్క చేతిలో కాగితం మడత విప్పలేదు. "దానికి జవాబు నా దగ్గరుందండి. కానీ అది నేను చెప్పాల్సింది కాదు."

డైరెక్టరు కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో అనబోయింది. ఈలోగా పక్క కుర్చీ వెనక్కి జరిగింది.

"నన్ను," అన్నాడు చీఫ్.

ఆయన లేచి నిలబడి బల్ల అంచు పట్టుకున్నాడు. అరవై దగ్గరపడ్డ మనిషి. అన్నేళ్లలో ఆయన తడబడుతూ మాట్లాడటం అక్కడెవరూ వినలేదు. అప్పుడూ తడబడలేదు.

"నన్నే అడిగింది. నేను పూర్తిగా చదవకుండా రద్దు నొక్కాను. నేను నేర్పిన అమ్మాయి కట్టిన పనిముట్టు నన్ను ప్రశ్నలడగడమేంటనిపించింది. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. ఆ రోజు పన్ను సలిపేస్తోంది, నాలుగుంపావుకి డాక్టరు రమ్మన్నాడు. నాలుగు మార్పుల్నీ గబగబా చేత్తో సర్ది, నాలుగూ పదికి మూలప్రతిలోకి తోసేసి వెళ్లిపోయాను. తిరిగి చూసుకోలేదు. హెచ్చరిక అక్కడే పోయుంటుంది. సోమవారం ఫోను రాగానే నాకు అనుమానం వచ్చింది. వచ్చినా నోరు విప్పింది దొంతర మీదే." ఆయన టెక్నీషియను వైపు తిరిగాడు. "మీకు క్షమాపణ చెప్పాలమ్మా. మీరు గడియారం చూసుకోకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు."

ఆమె తల వంచి అందుకుంది.

"ఇంకొకటి," అన్నాడాయన. "ఇంత తిన్నగా పనిచేసేదాన్ని నేను కట్టలేదు. కట్టగలిగేవాణ్ణో కాదో కూడా తెలియదు. ఈ అమ్మాయి కట్టింది. నా దగ్గర నేర్చుకుంది. ఆ మాట ఇన్నాళ్లూ నేను చెప్పుకుని ఉండాల్సింది."

టైపక్క కాగితాన్ని సంచిలో పెట్టేసింది. పంతొమ్మిదేళ్లలో ఆయన నలుగురిలో తనని ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. తలెత్తి చూస్తే ఆయన తన వైపే చూస్తున్నాడు, పాఠం అప్పజెప్పించుకున్న రోజుల్లోలాగే, కాస్త తల పక్కకి వంచి.

డైరెక్టరు ఎక్కువ మాటలు పెట్టుకోలేదు. మధ్యాహ్నం నుంచి దొంతర మళ్లీ నడుస్తుందంది. టైపక్కకి సర్వర్ తలుపులు ఇప్పుడే తెరవమంది. "చేత్తో మూలప్రతిలోకి తోసే దారి ఇక ఎవరికీ ఉండదు, చీఫ్‌కైనా సరే." చీఫ్ ముందుగా తల ఊపాడు.

"రక్తనిధికి రాతపూర్వకంగా నివేదిక ఇవ్వాలి," అంది మళ్లీ. "సర్వర్ రిజిస్టరు తెరిచి టైము చదవండి, రాసుకుంటాను. ఆ నాలుగూ పది సంగతి."

సర్వర్ రిజిస్టరు దొంతరది కాదు. మూలప్రతిలోకి ఎవరు ఏం తోసినా అదే దానంతట రాసుకునే చిట్టా. సోమవారం నుంచి తలుపులు మూసేయడంతో టైపక్క దాన్ని చూడలేదు. చూడాల్సిన పని చీఫ్‌కి పడలేదు. తప్పు తనదేనని ఆయన అప్పటికే అనుకున్నాడు కాబట్టి.

కళ్లద్దాలాయన తెరిచాడు. "శుక్రవారం, నాలుగూ పది. చీఫ్ గారి పేరు మీద. నాలుగు మార్పులు." అద్దాలు పైకి తోసుకున్నాడు. తెరకి ఇంకాస్త దగ్గరగా వంగాడు. "సార్."

"చెప్పు."

"మీరు పెట్టినదాంట్లో హెచ్చరిక ఉంది సార్."

"ఏంటి?"

"నాలుగూ ఉన్నాయి. పదకొండు వరుసలూ ఉన్నాయి. మీ మార్పూ ఉంది, నాదీ ఉంది. ఒక్కటి పోలేదు. చేత్తో ఇంత శుభ్రంగా చేసినవాళ్లని నేను చూడలేదు."

చీఫ్ మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. పన్ను సలుపుతున్నా, కోపంగా ఉన్నా, పదకొండు నిమిషాల్లో ఆయన చేతులు ఎప్పటిలాగే పనిచేశాయి. టైపక్కకి తన సంగతి తేలినప్పటికంటే ఇప్పుడు ఎక్కువ సంతోషం కలిగింది. అది ఒక్క క్షణమే నిలిచింది.

"మరి పోయిందెక్కడ?" అంది టెక్నీషియను. అక్కడున్న అందరి మనసులో ఉన్నదీ అదే.

"దీని కింద ఇంకోటుంది," అన్నాడు కళ్లద్దాలాయన. "నాలుగూ ముప్పై రెండు. ఇదీ చీఫ్ గారి పేరు మీదే. దీంట్లో మూడో మార్పు లేదు. తీసేశారు."

"నాలుగూ ముప్పై రెండుకి నేను పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నాను," అన్నాడు చీఫ్. "కావాలంటే ఆయన్ని అడగండి."

"ఏ యంత్రం నుంచి వచ్చింది?" అంది డైరెక్టరు.

కళ్లద్దాలాయన అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"కిటికీ వరుస. ఏడో నంబరు."

ఆ బల్ల ఎవరిదో అక్కడెవరికీ చెప్పనక్కర్లేదు. హాల్లో తలలన్నీ టైపక్క వైపు తిరిగాయి. శుక్రవారం ఆ వేళకి ఆమె కింద అంతస్తులో కొత్తగా చేరినవాళ్లకి దొంతర నడపడం నేర్పుతోంది. యంత్రం తెరిచే ఉంచి వెళ్లింది. అరగంటలో వచ్చేస్తాను కదా అనుకుంది. ఆ అరగంటలో తన కుర్చీలో కూర్చుని, చీఫ్ పేరుతో లోపలికి వెళ్లి, ఇంత మందిలో సరిగ్గా ఆ ఒక్క మార్పునే ఎంచి తీసేసిన మనిషి ఎవరు?

కాసేపటి కిందటి గర్వం ఆమెలో అలాగే ఉంది. ఎక్కడికీ పోలేదు. బల్ల ముందుకి నడిచి, అందరి చూపులూ మొహం మీదే పడనిచ్చి, "అది నా యంత్రమే," అంది. "దాని కింద ఇంకేమైనా ఉందా?"

కళ్లద్దాలాయన తెర చూశాడు. తర్వాత తల తిప్పి హాల్లో ఒకవైపు చూసి, చప్పున చూపు దించుకున్నాడు.

"ఉందక్కా. చేసినవాళ్లు ఒక మాట కూడా రాసి పెట్టారు," అన్నాడు. "కానీ ఇక్కడ చదవమంటావా?"

"ఇక్కడే," అంది టైపక్క. "అందరూ ఉన్నారు కదా. చదవండి."

(ఇంకా ఉంది)